ఎవరెస్టు వీరుడు టెన్సింగ్

మన దేశానికి ఉత్తరాన పెట్టని కోటలా నిలిచినవి హిమాలయాలు. ఆ పర్వతపంక్తిలో నేపాల్, టిబెట్‌ల సరిహద్దున ఉన్న ఎవరెస్టు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం. దాని ఎత్తు సుమారు 8,849 మీటర్లు. అక్కడ గాలి పలచబడి ఊపిరి అందదు. చలి ఎముకలు కొరికేస్తుంది. మంచు కింద లోతైన పగుళ్లు పొంచి ఉంటాయి. అటువంటి శిఖరాన్ని ఎక్కి, క్షేమంగా దిగివచ్చిన తొలి ఇద్దరిలో ఒకడు టెన్సింగ్ నార్గే.

టెన్సింగ్ 1914లో ఒక పేద షెర్పా కుటుంబంలో జన్మించాడు. షెర్పాలు ఎవరెస్టు ప్రాంతంలో నివసించే కొండజాతివారు. నేపాల్‌లోని థామే గ్రామంలో జడలబర్రెలను కాస్తూ ఆయన బాల్యం గడిచింది. చదవడం, రాయడం నేర్చుకునే అవకాశం దక్కలేదు. కాని కళ్లెదుట కనిపించే ఆ మహాశిఖరాన్ని ఎక్కాలన్న కోరిక మాత్రం మనసులో నాటుకుపోయింది.

పద్దెనిమిదో ఏట ఆయన డార్జిలింగు చేరుకున్నాడు. పర్వతారోహక బృందాలు బరువులు మోసే షెర్పాలను అక్కడే ఎంపిక చేసుకునేవి. 1933లో ఆయనను ఎవరూ తీసుకోలేదు. నిరాశపడక వేచి ఉన్నాడు. 1935లో ఒక బ్రిటిష్ బృందంలో కూలిగా చోటు దొరికింది. 1936లోను, 1938లోను, మళ్లీ 1947లోను ఎవరెస్టుకు వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ శిఖరం అందకుండానే తిరిగి రావలసి వచ్చింది.

1952లో స్విట్జర్లాండు బృందం ఆయనను కూలిగానే కాక తోటి ఆరోహకుడిగా కూడా చేర్చుకుంది. రేమండ్ లాంబర్ట్‌తో కలిసి టెన్సింగ్ ఒక రాత్రి చిన్న గుడారంలో గడిపాడు. వారివద్ద పొయ్యి లేదు, కప్పుకోవడానికి పడక సంచులు లేవు. కొవ్వొత్తి మంటపై మంచు కరిగించి గొంతు తడుపుకున్నారు. మరునాడు దాదాపు 8,600 మీటర్ల ఎత్తుకు చేరారు. శిఖరం మరో 250 మీటర్లే! అయినా ఇంకా ముందుకు వెళితే ప్రాణాలతో దిగలేమని గ్రహించి వెనుదిరిగారు. అది ఓటమి కాదు, వివేకం. అదే ఏడాది మరోసారి వెళ్లినా చలిగాలులు దారి ఇవ్వలేదు.

ఏడో ప్రయత్నం 1953లో. జాన్ హంట్ నాయకత్వంలోని ఆ బ్రిటిష్ బృందంలో న్యూజిలాండుకు చెందిన ఎడ్మండ్ హిల్లరీ ఉన్నాడు. ఒకనాడు హిల్లరీ మంచు పగులులోకి జారిపోగా, టెన్సింగ్ మంచుగొడ్డలిని నేలలో దిగేసి, తాడు బిగించి కాపాడాడు. నాటినుంచి వారిద్దరి జోడీ కుదిరింది.

మే 29 తెల్లవారేసరికి హిల్లరీ బూట్లు గడ్డకట్టి ఉన్నాయి. వాటిని కాచి మెత్తబరచి, ఒకే తాడుకు కట్టుకుని ఇద్దరూ బయలుదేరారు. శిఖరానికి కాస్త దిగువన సుమారు 12 మీటర్ల నిట్టనిలువు బండ ఎదురైంది. బండకూ మంచుకూ నడుమనున్న సందులోంచి హిల్లరీ పైకి పాకాడు. అతడు పట్టుకున్న తాడు ఆధారంగా టెన్సింగ్ ఎక్కాడు. ఉదయం 11:30 గంటలకు వారు శిఖరాన్ని చేరుకున్నారు.

టెన్సింగ్ మంచుగొడ్డలికి కట్టిన నాలుగు జెండాలు గాలిలో రెపరెపలాడాయి. అవి ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారతదేశ పతాకాలు. ఆయన మంచును తవ్వి, పర్వతదేవతకు నైవేద్యంగా మిఠాయిలు ఉంచాడు. వాటితోపాటు తన కూతురు నీమా ఇచ్చి పంపిన పెన్సిలును కూడా ఉంచాడు.

కిందికి దిగాక శిఖరంపై ముందు ఎవరు కాలు మోపారన్న వాదం చెలరేగింది. ఒకే తాడుకు కట్టుకున్నవారికి ముందు, వెనుక అనే భేదం లేదని ఇద్దరూ భావించారు. అయినా 1955లో వెలువడిన తన జీవితకథలో, ముందు అడుగు పెట్టినవాడు హిల్లరీయేనని టెన్సింగ్ దాపరికం లేకుండా తెలిపాడు. ఆయన ఏ దేశస్థుడన్న వాదమూ వచ్చింది. ఆయన మాత్రం నేపాల్‌ను కన్నతల్లిగా, భారతదేశాన్ని పెంచిన తల్లిగా భావించి రెండింటినీ సమానంగా ప్రేమించాడు.

1954లో డార్జిలింగులో హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. టెన్సింగ్ అక్కడ క్షేత్రశిక్షణకు తొలి సంచాలకుడై ఎందరో యువకులను తీర్చిదిద్దాడు. 1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1986 మే 9న ఆయన డార్జిలింగులోనే కన్నుమూశాడు.

ఆయన నాటిన విత్తనం వృథా కాలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ అనే గిరిజన బాలిక ఆ సంస్థలో శిక్షణ పొందింది. 2014లో, పదమూడేళ్ల వయసులో ఆమె ఎవరెస్టును అధిరోహించింది. ఆరుసార్లు వెనుదిరిగినా ఆశ వదలని ఒక కూలివాడు వేసిన దారి అది.