పాస్‌పోర్టు లేనివాళ్ళకు పాస్‌పోర్టు ఇచ్చిన నాన్సెన్

సెలవులకు ఇండియా బయలుదేరేముందు మనమంతా మొదట వెతుక్కునేది పాస్‌పోర్టు. అసలు ఏ దేశమూ పాస్‌పోర్టు ఇవ్వనివాళ్ళ గతేమిటి? అలాంటి లక్షలమందికి దారి చూపిన నార్వే దేశస్థుడు ఫ్రిజాఫ్ నాన్సెన్ గురించి ఈసారి మన పిల్లలకు చెప్పాలనుకున్నాం.

1861లో పుట్టిన నాన్సెన్ జంతుశాస్త్రం చదివారు. 1888లో స్కీలపై గ్రీన్‌లాండ్ మంచు మైదానాన్ని దాటారు. 1893లో ‘ఫ్రామ్’ ఓడలో ఉత్తర ధ్రువం వైపు సాగి, మూడేళ్ళకు తిరిగివచ్చారు. ఆ సాహసాలతో ఆయన పేరు ప్రపంచమంతా మారుమ్రోగింది.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఏర్పడిన నానాజాతి సమితి, యుద్ధఖైదీలను ఇళ్ళకు చేర్చే బాధ్యతను 1920లో ఆయనకు అప్పగించింది. నిన్నటిదాకా పోరాడుకున్న దేశాలు చేతులు కలిపాయి. సుమారు రెండేళ్ళలో 4 లక్షలకు పైగా ఖైదీలు ఇల్లు చేరారు. కొడుకు తిరిగొచ్చిన తల్లికి సమితి ఎందుకో ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

1921లో రష్యాలో ఘోరమైన కరువు వచ్చింది. సహాయానికి అప్పు ఇవ్వమని నాన్సెన్ సమితిని వేడుకున్నారు. సోవియట్ ప్రభుత్వం బలపడుతుందన్న భయంతో సభ్యదేశాలు కాదన్నాయి. చెడ్డపేరు సమితికి వచ్చింది గాని, చెయ్యి వెనక్కి తీసుకున్నది దేశాలే. ఆయన నిరాశపడక ఊరూరా తిరిగి ప్రజల నుంచి విరాళాలు పోగుచేశారు. అమెరికా సహాయం కూడా అందింది. అయినా లక్షల ప్రాణాలు పోయాయి.

1922లో, దేశం కోల్పోయిన రష్యన్ కాందిశీకుల కోసం ‘నాన్సెన్ పాస్‌పోర్టు’ తెచ్చారు. తరువాత ఆర్మీనియన్లకూ ఇచ్చారు. ఉత్త కాగితానికి విలువేముంది? 50కి పైగా దేశాలు గౌరవించాయి కనుకనే అది సరిహద్దులు దాటించింది. అదే ఏడాది వచ్చిన నోబెల్ శాంతి బహుమతి సొమ్మును కూడా ఆయన సహాయ కార్యక్రమాలకే ఇచ్చేశారు. 1930లో కన్నుమూశారు.

రెండో ప్రపంచ యుద్ధాన్ని ఆపలేని నానాజాతి సమితి 1946లో రద్దయింది. కాందిశీకులకు సేవ చేసినవారికి ఐక్యరాజ్య సమితి 1954 నుంచి నాన్సెన్ పేరిట పురస్కారం ఇస్తోంది.

టీవీలో వార్తలు చూస్తూ ఐక్యరాజ్య సమితి వల్ల ఏమవుతుందని మనం తరచు విసుక్కుంటాం. ఈసారి అలా అనిపిస్తే, ఏ దేశాలు ముందుకొచ్చాయి, ఏవి తప్పుకున్నాయి అని పిల్లలతో కలిసి వెతుకుదాం. తలో చెయ్యి వేస్తేనే మన తెలుగు బడి నడుస్తున్నట్టు, సమితి అయినా అంతే కదా!