యవ్వనం కోసం తనకే సూది వేసుకున్న డాక్టర్

ముడతలు పోతాయట, వయసు తగ్గుతుందట అంటూ ‘పెప్టైడ్’, ‘గ్రోత్ ఫ్యాక్టర్’ ఇంజెక్షన్ల గురించి ఓపీలోనూ అడుగుతున్నారు. అలా అడిగినప్పుడల్లా నాకు బ్రౌన్ సెకార్డ్ గుర్తొస్తారు. వెన్నుపాము ఒకవైపు సగం తెగితే వచ్చే జబ్బుకు ఆయన పేరే పెట్టారు. ఎంబీబీఎస్‌లో దాన్ని చదవనివారు ఉండరు.

1817లో మారిషస్‌లో పుట్టారు. ఓడ కెప్టెన్ అయిన తండ్రి బిడ్డను చూడకుండానే సముద్రంలో గల్లంతయ్యారు. తల్లి బట్టలు కుట్టి పెంచింది. రచయిత కావాలని పారిస్ వెళ్లిన కుర్రాడు చివరకు వైద్యం చదివారు. తల్లి ఇంటిపేరును తన పేరులో కలుపుకున్నారు.

కొన్ని ప్రయోగాలు తన ఒంటిమీదే. చర్మం చేసే పనేమిటో తెలుసుకోవడానికి ఒళ్లంతా వార్నిష్ పూసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నారని చెబుతారు. అడ్రినల్ గ్రంథులు తీసేస్తే జంతువులు బతకవని 1856లోనే చూపించారు. హార్మోన్ అనే మాట కూడా లేని రోజులవి!

1889 జూన్ 1న పారిస్ సభలో 72 ఏళ్ల ఆ పెద్దాయన చెప్పింది విని అందరూ నివ్వెరపోయారు. కుక్క, గినీ పిగ్ వృషణాల రసాన్ని చర్మం కింద ఎక్కించుకున్నానని, మెట్లు పరుగున ఎక్కుతున్నానని, చేతి పట్టు పెరిగిందని, మలబద్ధకం తగ్గిందని వివరించారు. పట్టు పరికరంతో కొలిచిందే. అబద్ధం ఆడే మనిషి కాదు. కానీ రోగీ తనే, డాక్టరూ తనే, ఫలితం రాసుకున్నదీ తనే. నెల తిరిగేసరికి ఆ ఉత్సాహం జారిపోయింది. పరీక్షించి చూడమని ఆయన వైద్యులకు రసాన్ని ఉచితంగా ఇచ్చారు. సొమ్ము చేసుకున్నది వేరేవాళ్లు. తోటివారి ఎగతాళి మాత్రం ఆయనకు మిగిలింది. 1894లో కన్నుమూశారు.

2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు అదే పద్ధతిలో రసం తీసి చూస్తే, అందులో హార్మోన్ లెక్కలోకి రానంత తక్కువ. ఆయనకు వచ్చిన బలం నమ్మకం ఇచ్చిందే. మానని షుగర్ పుండ్లకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ వాడటం వేరే సంగతి. యవ్వనం కోసమంటూ వేసే పెప్టైడ్ సూదుల్లో చాలావాటికి, మందు వేసినవారినీ వేయనివారినీ పోల్చిన సరైన పరీక్షలే లేవు. ఎవరైనా ఆ సూది చెబితే ముందు ఆ పరీక్ష గురించి అడగండి.

అయితే ఆయన ఊహ మొత్తం తప్పు కాదు. 1891లో ఇంగ్లండ్‌లో డాక్టర్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని, ఆ గ్రంథి పనిచేయక ఒళ్లంతా ఉబ్బిన 46 ఏళ్ల స్త్రీకి ఎక్కించారు. ఆమె మరో 28 ఏళ్లు బతికింది.