యాభై దాటాక మళ్లీ పలికిన తీగలు

పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇంకా సంగీతమేమిటి... అనుకుని వీణ మీద గుడ్డ కప్పేసిన ఆడవాళ్లు మనలో ఎంతమందో! వాళ్లంతా ఎలిజబెత్ కాటన్ గురించి తెలుసుకుని తీరాలి.

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ దగ్గర, ఓ నల్లజాతి కుటుంబంలో 1893లో పుట్టిందామె. అయిదుగురు పిల్లల్లో ఆఖరుది. వాళ్లన్నకి ఓ బాంజో ఉండేది. మీటలు నొక్కి వాయించే మన బాంజో కాదిది. గుండ్రటి డప్పులాంటి దానికి పొడవాటి కర్ర, దాని మీద తీగలు ఉంటాయి. అన్న పనికి వెళ్లగానే చెల్లి దాన్ని తీసి సరదాగా వాయించేది. చిక్కేమిటంటే ఆ పిల్లది ఎడమచేతి వాటం. అన్న వస్తువాయె, తీగలు మార్చి కట్టడానికి లేదు. అందుకని దాన్ని అటుదిటు తిప్పి పట్టుకుని, ఎవరూ నేర్పకుండానే తనకు తానే నేర్చుకుంది.

కొన్నాళ్లకి అన్న బాంజో తీసుకుని ఊరు వదిలి వెళ్లిపోయాడు. చదువు మానేసి ఇళ్లలో పనికి కుదిరిన ఆ పిల్ల, జీతం డబ్బులు కూడబెట్టి 3.75 డాలర్లకి ఒక గిటార్ కొనుక్కుంది. బాంజోతో అబ్బిన అలవాటునే దీనికీ పట్టించింది. అందరూ బొటనవేలితో పలికించే మంద్రస్వరాలు ఆమె వేళ్లతో పలికించేది. అందరూ వేళ్లతో వాయించే పాట వరస ఆమె బొటనవేలి కిందికి వచ్చింది. తర్వాత ఎందరో గిటారిస్టులు నేర్చుకోవాలని తాపత్రయపడిన బాణీ అదే! పదకొండు, పన్నెండేళ్ల వయసులో, ఇంటి దగ్గర వెళ్లే గూడ్సు బండి మీద ఫ్రైట్ ట్రైన్ అనే పాట కట్టింది.

1910లో పెళ్లయింది. ఓ కూతురు పుట్టింది. దేవుడి పాటలు తప్ప వేరేవి కూడదని చర్చి పెద్దలన్నారు. సంసారం, ఇళ్లలో పని... గిటార్ మూలపడింది. ఒకటా రెండా, దశాబ్దాలు గడిచిపోయాయి.

1940లలో వాషింగ్టన్‌లోని ఓ పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా, తప్పిపోయిన ఓ చిన్నపిల్లని తల్లికి అప్పగించింది. ఆ తల్లి సంగీత రచయిత్రి రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పరిచయంతో వాళ్లింట్లో వంటకీ, ఇంటిపనికీ కుదిరింది. గోడకి వేలాడుతున్న గిటార్‌ని చూసి చెయ్యి ఊరుకోలేదు. తప్పిపోయి దొరికిన ఆ పిల్లే, పెగ్గీ, ఓ రోజు ఆమె వాయిస్తుంటే విని ఆశ్చర్యపోయింది!

పెగ్గీ అన్న మైక్ రికార్డు చేసిన ఆమె పాటలు 1958లో ఆల్బమ్‌గా వచ్చాయి. అప్పటికామెకి 65 ఏళ్లు. ఈలోగా ఓ అన్యాయం జరిగింది. పెగ్గీ ద్వారా ఇంగ్లండు చేరిన ఫ్రైట్ ట్రైన్ పాటని ఎవరో తమ పేరు మీద రాయించుకున్నారు. 1957లో అది అక్కడ పెద్ద హిట్టయింది. కట్టినావిడేమో ఇక్కడ ఇళ్లలో పని చేసుకుంటోంది! సీగర్ కుటుంబం అండగా నిలిచి పోరాడాక గానీ పాట మీద ఆమె పేరు పడలేదు.

తర్వాత ఊరూరా కచేరీలు చేసింది. గిటార్‌తో పాటు చిన్ననాటి బాంజోనీ వదల్లేదు. పాట తెచ్చిన సంపాదనతో సిరక్యూస్‌లో సొంతిల్లు కొనుక్కుంది. 1985లో, 92 ఏళ్ల వయసులో గ్రామీ అవార్డు అందుకుంది. 1987 జూన్ 29న కన్నుమూసింది.

సరదాగా నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. మీ ఇంట్లో ఆ వీణ ఇంకా ఉందా? ముందు ఆ గుడ్డ తీయండి.