ఒంటిపూట పంతులమ్మలకు తలుపు తీసిన దుర్గాబాయి

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో బి.ఇడి. చదివే అమ్మాయి మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే ఒక్క ప్రశ్న అడిగి చూడండి. మీకు లెసన్ ప్లాన్ రాయడం నేర్పే మేడమ్ పర్మనెంటా, పార్ట్‌టైమా అని. చాలాసార్లు వచ్చే జవాబు రెండోదే. రేపటి టీచర్లను తయారుచేసే ఆవిడకే వచ్చే ఏడు క్లాసు ఉంటుందో లేదో తెలీదు. చెప్పిన క్లాసులకే డబ్బులు. వేసవి సెలవులొస్తే అవీ ఉండవు.

ఆడవాళ్ళకు టీచరు ఉద్యోగాన్ని పార్ట్‌టైమ్‌గానైనా ఇవ్వండని 1959లోనే కేంద్ర ప్రభుత్వానికి రాసిచ్చిన కమిటీ ఒకటుంది. దాని అధ్యక్షురాలు మన తెలుగావిడే... దుర్గాబాయి దేశ్‌ముఖ్! మరి ఆవిడ అలా ఎందుకు రాశారు? అది అర్థం కావాలంటే ముందు ఆవిడ బతుకు తెలియాలి.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్ళి చేసేశారు. అప్పట్లో అదేం వింత కాదు. వింతేమిటంటే, ఊహ తెలిశాక ఆ అమ్మాయి ఈ కాపురం నాకొద్దని భర్త సుబ్బారావుకు నేరుగా చెప్పేయడం, పుట్టింటివాళ్ళు ఆమె పక్కన నిలబడడం. ఆయన మరో పెళ్ళి చేసుకున్నారు. కొన్నేళ్ళకు ఆయన పోయాక దిక్కులేకుండా మిగిలిన ఆ రెండో భార్యను చేరదీసి, చేతిపనిలో శిక్షణ ఇప్పించి, ఆమె కాళ్ళమీద ఆమెను నిలబెట్టిందీ దుర్గాబాయే. ఎంతమందికి వస్తుంది చెప్పండి అంత మనసు?

ఇంగ్లీషు చదువు మీద కోపంతో బడి మానేసిన ఆ పిల్ల, పన్నెండేళ్ళ వయసులో హిందీ నేర్చుకుని తానే ఆడవాళ్ళకు ఓ హిందీ పాఠశాల పెట్టింది. పంతులమ్మకేమో పన్నెండేళ్ళు, విద్యార్థినుల్లో తల్లి వయసు వాళ్ళు! 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు హిందీ వచ్చిన ఆడ వాలంటీర్లు కావాల్సొస్తే ఈ బడి అక్కరకొచ్చింది. ఆ మహాసభల్లోనే టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ప్రదర్శన గేటు దగ్గర ఆపేసిన ముచ్చట మీరు వినే ఉంటారు. అందరికీ తెలిసిన కథే కాబట్టి ఇక్కడ వదిలేద్దాం.

1930లో ఉప్పు సత్యాగ్రహం. తర్వాత జైళ్ళు, మదురైలో ఒంటరి కొట్టు. బయటికొచ్చాక ఆమెకు ఎదురైన పెద్ద సమస్య చదువు. చేతిలో మెట్రిక్ కూడా లేదు మరి. ఇంట్లో కూర్చుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కు ప్రైవేటుగా కట్టారు. ఒకప్పుడు కాదని వదిలేసిన ఇంగ్లీషును మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాల్సొచ్చింది. ఇంటర్ కూడా అక్కడే. బి.ఏ.లో రాజనీతిశాస్త్రం ఆడపిల్లకెందుకని అక్కడివాళ్ళు అంటే, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం తలుపు తట్టారు. అక్కడ వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారికి ఇంకో బెంగ. ఆడపిల్లలకు హాస్టల్ లేదే! ఊరుకుంటారా దుర్గాబాయి? హాస్టల్ లేక చదువు మానుకున్న అమ్మాయిలుంటే రమ్మని పేపర్లో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్ళతో హాస్టల్ తానే నడిపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తయ్యాక, 1942లో మద్రాసులో లా పట్టా కూడా అందుకున్నారు.

ఈలోగా, 1937లోనే, మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు బీజం పడింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి, తాను రాసిన బెనారస్ మెట్రిక్‌కే వాళ్ళను తయారుచెయ్యడం అక్కడ మొదటి పనుల్లో ఒకటి. తన చదువే ఇంకా సాగుతుండగా ఇంకొకళ్ళకు చదువు చెప్పడం! ఇవాళ్టి మాటలో చెప్పాలంటే ఆవిడా పార్ట్‌టైమ్ టీచరే. కాకపోతే జీతం లేదు.

వచ్చినవాళ్ళలో భర్త పోయినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు ఎందరో. వాళ్ళకు కావలసింది నాలుగేళ్ళ తీరికైన చదువు కాదు, తొందరగా అన్నం పెట్టే చదువు. ఈ సంగతి ఆవిడ మనసులో అలా నాటుకుపోయింది. రాజ్యాంగ సభ సభ్యత్వం, ప్రణాళికా సంఘం, 1953లో ఆర్థికమంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌తో పెళ్ళి, అదే ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్ష పదవి... ఇవన్నీ వచ్చినా ఆ మైలాపూరు క్లాసు మాత్రం ఆవిడ్ని వదల్లేదు. 1958లో బోర్డు తరఫున మొదలైన కండెన్స్‌డ్ కోర్సులు దాని పెద్ద రూపమే. బడి మానేసిన వయోజన మహిళలకు రెండేళ్ళలో పరీక్షకు సరిపడా చదువు చెప్పి, పల్లెల్లో టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా పంపడం దాని ఉద్దేశం.

అదే ఏడాది మహిళా విద్యపై జాతీయ కమిటీకి ఆవిడ్ని అధ్యక్షురాలిని చేశారు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మంది కూడా లేరు. పంతులమ్మ లేని బడికి ఆడపిల్లను పంపరు. ఆడపిల్ల చదవందే పంతులమ్మ తయారవదు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్న సామెత ఇదే కదా! ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. 1959 జనవరిలో ఇచ్చిన నివేదికలో కమిటీ పట్టుకున్న కొస పంతులమ్మది. శిక్షణ సంస్థలు లేనిచోట ఆడవాళ్ళకోసం కొత్తవి పెట్టమన్నారు. పల్లెలో పనిచేసే టీచరమ్మకు క్వార్టర్స్ కట్టమన్నారు. అందరూ మగ పంతుళ్ళే ఉన్న బళ్ళలో ఆడపిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి స్కూలు అమ్మలను పెట్టమన్నారు. ఇల్లు చూసుకుంటూనే పాఠం చెప్పగలిగేలా పార్ట్‌టైమ్ ఉద్యోగాలూ ఇమ్మన్నారు. అప్పుడు విశ్వవిద్యాలయాల గ్రాంట్లు చూసే యు.జి.సి.కి అధ్యక్షుడు భర్త చింతామనే. తర్వాత 1964-66లో కొఠారీ కమిషన్ కూడా ఈ పార్ట్‌టైమ్ మాటను సమర్థించింది.

అయితే ఒకటి చెప్పుకోవాలి. ఇంటిపని ఆడదానిదేనన్న మాటను ఆ నివేదిక కదపలేదు, దాన్ని అలాగే ఉంచి పక్కనుంచి దారి వేసింది. 1959లో అంతకంటే ఎక్కువ అడిగితే అదీ దక్కేది కాదేమో! కానీ దుర్గాబాయి కోరింది ఇంట్లోంచి బయటికి రావడానికి ఒక గుమ్మం. ఆ గుమ్మంలోనే పదేళ్ళూ పదిహేనేళ్ళూ నిలబెట్టమని ఆవిడ అనలేదు. ఆవిడ లెక్కలో పార్ట్‌టైమ్ అంటే ఆడమనిషికి ఇచ్చే వెసులుబాటు. ఇవాళ అది యాజమాన్యాలకు దొరికిన వెసులుబాటు అయింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 దాకా వరంగల్ జిల్లా ఊళ్ళే. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో పుట్టింది కాబట్టి ఈ ప్రాంతపు ఆడపిల్లలకు పై చదువు దగ్గరికొచ్చింది. పీజీ చేసి, ఎం.ఇడి. చేసి, పాఠం చెప్పే అర్హతలన్నీ సంపాదించుకున్నారు. దుర్గాబాయి రోజుల్లో మెట్రిక్ పాసైన పంతులమ్మే దొరికేది కాదు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళకు కొదవ లేదు, పూర్తికాలం పోస్టులకే కొదవ. పైగా 2015 నుంచి బి.ఇడి. ఏడాది పోయి రెండేళ్ళయింది. టీచింగ్ ప్రాక్టీసు పెరిగింది, దిద్దాల్సిన రికార్డులు పెరిగాయి. రికార్డులు ఇంటికి తెచ్చుకుని, పిల్లలు పడుకున్నాక దిద్దే పనికి ఏ పద్దులో డబ్బులిస్తారు? క్లాసుకు ఇంత అని కట్టే లెక్కలో ఆ రాత్రి పని కనిపించదు.

పద్మవిభూషణ్ 1975లో వచ్చింది. ఢిల్లీ వదిలి హైదరాబాద్ వచ్చేశాక కూడా ఆవిడ చేతిలో పని చదువు చుట్టూనే తిరిగింది. ఆంధ్ర మహిళా సభ తరఫున వయోజనులకు అక్షరాలు నేర్పే లిటరసీ హౌస్, ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర ఆడపిల్లలకు కాలేజీ ఏర్పడ్డాయి. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల కూడా ఉన్న ఆ మహిళా సభ, మైలాపూరులో మెట్రిక్ క్లాసుగా మొదలైన సంగతి అక్కడ చదివే అమ్మాయిల్లో ఎంతమందికి తెలుసో!