గర్భాశయరక్షకుడు విక్టర్ బానీ

స్త్రీవైద్యచరిత్రలో స్మరణీయుడైన విక్టర్ బానీ 1872వ సంవత్సరమున లండను నగరమందలి చెల్సీలో జన్మించెను. తండ్రి వైద్యుడు. కుమారుడును ఆ మార్గమునే అనుసరించి, మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడై, స్త్రీరోగచికిత్సకే జీవితమును అంకితము చేసెను.

గర్భాశయమున పుట్టు కండగడ్డలను వైద్యులు ఫైబ్రాయిడ్లందురు. ఇవి సాధారణముగా క్యాన్సరు గడ్డలు కావు. అయినను కొందరు స్త్రీలకు వీనివలన అధికరక్తస్రావము కలుగును, ఒడలు పాలిపోవును, సంతానమునకును ఆటంకమేర్పడును. 1840ల నాడే అమెరికాలో అట్లీ సోదరులు గర్భాశయమును నిలిపి గడ్డలను మాత్రమే తీసి చూపిరి. కాని రక్తస్రావభయముచే పెక్కుమంది వైద్యులు గర్భాశయమునే తొలగించుచుండిరి.

బానీ 1905లో ఆనీ అను యువతిని వివాహమాడెను. అనతికాలమునకే ఆమెకు ఈ వ్యాధి సోకగా గర్భాశయమును తీసివేయవలసివచ్చెను. వ్యాధి తొలగెను గాని సంతానాశ అడుగంటెను. తన యింటికి వచ్చిన లోటు ఇతరుల యింటికి రాకుండ చూచుటయే ఆయన కృషికి ప్రేరణమాయెను.

రక్తమును అదుపుచేయుటకు ఆయన ఒక ప్రత్యేకమైన పట్టుకారును నిర్మించెను. అది గర్భాశయమునకు పోవు ప్రధాన రక్తనాళములను శస్త్రచికిత్స ముగియువరకు నొక్కిపట్టును. వీలైనంతవరకు ముందువైపున ఒక్క గాటు పెట్టి, దానిగుండనే అనేకములగు గడ్డలను పెకలించి, ఏర్పడిన గుంటలను పొరలు పొరలుగా కుట్టివేయుట ఆయన పద్ధతి. గడ్డ వెనుకవైపున నున్నచో, మిగిలిన కండపొరను ముసుగువలె ముందునకు లాగి కుట్టెడివాడు. ఒకే గర్భాశయమునుండి 225 గడ్డలు తీసి దానిని నిలిపినాడన్న ఆయన ఓర్పును ఊహింపవచ్చును! ఇట్టి శస్త్రచికిత్సలు 700కు పైగా చేసెను. మృతులు నూటికి సుమారు ఒకరు మాత్రమే.

1911లో బర్క్‌లీతో కూడి రచించిన శస్త్రగ్రంథమునకు చిత్రములను బానీయే గీసెను. స్త్రీవైద్యులు శస్త్రవైద్యులనుండి వేరుపడరాదని నమ్మి, 1929లో ఏర్పడిన వారి ప్రత్యేక కళాశాలలో చేరనొల్లడాయెను. 1946లో ఆ సంస్థయే ఆయనకు గౌరవసభ్యత్వ మొసగెను. 1953లో ఆయన పరమపదించెను.

నేడు ఇదే చికిత్సను చిన్న రంధ్రములగుండ దుర్భిణి సాయమునను చేయుచున్నారు. అయినను 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. వీనిలో అవసరమైనవియు కలవు. కాని నిలుపుటకు వీలున్నదా యని ఒక్కమారు అడుగుట రోగికి హక్కు, అడిగించుట చదువుకొన్నవారి విధి. వరంగల్లు పల్లెలనుండి బడికి వచ్చు బాలబాలికలు తమ తల్లులకు ఈ ఒక్క ప్రశ్న నేర్పినను బానీ జీవితమును చదివిన ఫలము దక్కును.