ఒట్టో లిలియెంతాల్

విమానమనగానే మన బాలురకు రైటు సోదరుల పేర్లు జ్ఞప్తికి వచ్చును. ఆ సోదరులు తమకు పూర్వము ప్రయత్నించిన వారిలో నగ్రగణ్యునిగా నెంచినది ఒట్టో లిలియెంతాల్ అను జర్మను దేశీయుని. అతని చరిత్రమును సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి.

అతడు 1848వ సంవత్సరము మే 23వ తేదీని ఉత్తర జర్మనీలోని ఆంక్లామ్ పట్టణమున జన్మించెను. వర్తకుడైన తండ్రి 1861లో మరణింపగా సంసారభారము తల్లిపై బడెను. ఒట్టోయు, తమ్ముడు గుస్టావును ఊరిబయటి పచ్చిక బయళ్లలో కొంగలు గాలి కెదురుగా పరుగిడి పైకి లేచుటను గంటలకొలది చూచుచుండెడివారు. పిమ్మట తామును చెక్కబద్దలతో రెక్కలు చేసి కట్టుకొని యెగురజూచిరి. ఎగురలేకపోయిరని వేరుగ చెప్పనక్కరలేదు.

పెద్దవాడై ఒట్టో ఇంజనీరయ్యెను. బెర్లినులో బాయిలర్లు, ఆవిరియంత్రములు చేయు కర్మాగారమును స్థాపించెను. 1890లో లాభమున నాల్గవ వంతు పనివాండ్రకు పంచునట్లు ఏర్పాటు చేసెను. ఈ సంగతికి విమానములతో సంబంధము లేకపోయినను విడిచిపెట్టుటకు మాకు మనసొప్పలేదు.

కొంగలను మాత్ర మత డెన్నడును మరువలేదు. తమ్మునితో గూడి, రెక్కల నమూనాలను గాలిలో త్రిప్పి, గాలి వానిని ఎంత బలముతో పైకెత్తునో తూచి చూచెను. పలకవలె చదునైన రెక్కకంటె పక్షిరెక్కవలె కొంచెము వంగిన రెక్కయే మేలని తేలెను. ఆ ఫలితములను 1889లో గ్రంథముగా ప్రకటించెను.

లెక్కలతో తృప్తిపడక 1891లో తానే యెగుర నారంభించెను. విల్లో బద్దలతో చట్రము కట్టి, నూలుగుడ్డ కప్పి, ఇంజను లేని గ్లైడరును చేసికొని, కొండవాలున పరుగెత్తి గాలిలోనికి లేచెడివాడు. గాలి ఏ దిక్కున వీచినను ఎగురుటకు వీలుగా 1894లో లిఖ్టెర్‌ఫెల్డెయందు 15 మీటర్ల మట్టిదిబ్బనే వేయించెను. సుమారు రెండువేల మారులు ఎగిరెను. మిక్కిలి దూరము పోయినది 250 మీటర్లు. అయితే గ్లైడరు ఒరిగినపుడు దానిని సరిచేయుటకు అతనికి గల సాధన మొక్కటే: మోచేతులపై వ్రేలాడుచు నడుమును, కాళ్లను ఇటునటు ఊపుట. పెనుగాలి కొట్టిన నది చాలదు.

1896 ఆగస్టు 9వ తేది ఆదివారమున స్టొల్న్ గ్రామము చెంతనున్న గోలెన్‌బర్గు కొండనుండి ఎగురుచుండగా గ్లైడరు గాలిలో నిలిచిపోయి, ముక్కు వాలి, 15 మీటర్ల యెత్తునుండి కూలెను. వెన్నెముక విరిగినది. మరునాడు బెర్లిను వైద్యశాలలో అతడు మరణించెను. అప్పటికి 48 ఏండ్లవాడు. భార్య ఆగ్నెస్, నలుగురు బిడ్డలు మిగిలిరి.

ఈ మరణవార్తయే అమెరికాలోని డేటన్ పట్టణమున సైకిళ్ల వ్యాపారము చేయుచున్న విల్బరు రైటు మనస్సును మరల విమానములవైపు త్రిప్పెను. ఆ సోదరులు వంగిన రెక్కను, గాలిలోనే అభ్యసించు పద్ధతిని ఒట్టోనుండి గ్రహించిరి. దేహము నూపుటను మాత్రము విడిచి, రెక్కల కొనలనే మెలిత్రిప్పి విమానమును సరిచేయ నేర్చిరి. 1901లో తమ గ్లైడరు తగినంత పైకి లేవకపోగా ఒట్టో పట్టికలనే శంకించిరి. తామే పరీక్షింపగా ఆ పట్టికలు ఇంచుమించు సరియైనవే యనియు, అందరును చిరకాలముగ వాడుచు వచ్చిన గాలి ఒత్తిడి సంఖ్యయే తప్పనియు తెలిసెను. 1903 డిసెంబరు 17వ తేదీని వారి విమానము నాల్గవమారు 852 అడుగులు ఎగిరెను. అది ఒట్టో ఇంజను లేకుండ పోయిన దూరముకంటె ముప్పది యడుగులే అధికము.

ఒట్టో దేహమును బెర్లినులోని లాంక్విట్స్ సమాధుల తోటలో పాతిపెట్టిరి. ఆ సమాధిని నగరమువారు గౌరవ సమాధులలో చేర్చిరి. అతడు వేయించిన దిబ్బను 1932లో స్మారకచిహ్నముగా మార్చిరి. ఇక అతడు కూలిన స్టొల్న్ విషయము. 1989 అక్టోబరు 23వ తేదీని నాలుగు జెట్టు ఇంజనుల ప్రయాణికుల విమాన మొకటి ఆ కొండ క్రిందనున్న 900 మీటర్ల పచ్చికపై క్షేమముగా దిగెను. దానిని అచ్చటనే యుంచి, ఒట్టో భార్య జ్ఞాపకార్థము లేడీ ఆగ్నెస్ అని పేరు పెట్టిరి.