స్వదేశీ కలానికి ప్రాణం పోసిన కోసూరి వెంకటరత్నం

స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఖద్దరు ధరించిన వారి జేబుల్లో సైతం విదేశీ కలమే కనిపించేది. ఆ లోటును తీర్చడానికి పూనుకొని, చేతి పనితనంతో ఫౌంటెన్ పెన్నును రూపొందించిన కార్యదీక్షాపరులు రాజమండ్రికి చెందిన శ్రీ కోసూరి వెంకటరత్నం. కె.వి.రత్నంగా ప్రసిద్ధులైన ఆయన స్వర్ణకార వృత్తిలో ఆరితేరినవారు. 1921లో గాంధీజీని కలుసుకొన్నప్పుడు, సామాన్యునికి నిత్యం ఉపయోగపడే వస్తువును స్వదేశంలోనే తయారుచేయవలసిందిగా మహాత్ముడు ఆయనకు సూచించారు. ఆ సూచన కార్యరూపం దాల్చడానికి దశాబ్దానికి పైగా పట్టింది. 1932లో రత్నం పెన్నుల తయారీకి శ్రీకారం చుట్టారు.

చేతితో కలం చేయడం ఓర్పుతో కూడిన పని. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేయగా గట్టిపడిన ఎబొనైట్ కడ్డీ దీనికి ముడిసరుకు. సిరా తగిలినా ఇది చెడదు. కడ్డీని లేతుపై తిప్పుతూ ఉలితో చెక్కి సిరా గొట్టం, మూత, పాళీని పట్టి ఉంచే మెడ భాగాలను తీస్తారు. అవి ఒకదానిలో ఒకటి బిగిసేలా మరచుట్లు కోసి, నునుపు పట్టి మెరుగు పెడతారు. అసలు పరీక్ష పాళీ కింద నాలుకలా అమరే భాగం వద్ద ఎదురవుతుంది. దాని చాలు గుండా సిరా కిందికి దిగుతూ ఉండగా, అంతే మేరకు గాలి లోపలికి చేరాలి. చాలు మరీ సన్నగిల్లితే రాత ఆగిపోతుంది. వెడల్పైతే కాగితంపై సిరా కారుతుంది. నాణ్యమంతా పనివాని వేలికొసలలోనే ఉన్నది.

గ్రామాలలో తయారయ్యే రెల్లు కలాన్ని ప్రోత్సహించిన గాంధీజీని ఫౌంటెన్ పెన్నుతో మెప్పించడం సులభం కాదు. అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన శ్రీ జె.సి.కుమారప్ప ద్వారా రత్నం తన కలాన్ని ఆయనకు అందజేశారు. దానితో స్వయంగా వ్రాసి చూసిన మీదట, బజారులో దొరికే విదేశీ పెన్నులకు అది దీటైన ప్రత్యామ్నాయంగా ఉన్నదని గాంధీజీ 1935 జూలై 16న లేఖ ద్వారా తెలియజేశారు. బిరుదుల కంటే విలువైన ఆ లేఖను రత్నం కుటుంబం భద్రపరచుకొన్నది.

అనంతర కాలంలో చౌకైన బాల్ పెన్నులు విపణిని ముంచెత్తినప్పటికీ, కుటుంబీకులు ఈ హస్తకళను విడనాడలేదు. 2015లో రాజమహేంద్రవరంగా పేరు మారిన ఆ నగరానికి రత్నం పెన్ను ఒక గుర్తింపుగా నిలిచింది.

ఇంటిలోని మగ్గమే జీవనాధారమైన కొత్తకోట వంటి పాలమూరు సీమ చేనేత కేంద్రాలకు కూడా ఈ జీవితం స్ఫూర్తిదాయకం. చేతి వస్తువు కేవలం అభిమానంతో నిలువదు, యంత్రపు సరుకుతో పోల్చి చూసినా నెగ్గే నాణ్యంతోనే నిలుస్తుందని రత్నం తన పనితో నిరూపించారు.